పురుషుల రక్తము - వంశచింత

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడినప్పుడు బరంపురము ఆ వైపున చేరెను. మా పెద్దలు ఇల్లు కదలలేదు, సరిహద్దే కదలెను. నాటినుండి మా తెలుగు కుటుంబములకు ఇంటిపేరుపై మమకారము మరింత హెచ్చెను. బడిలో లిపి వేరైనను, అంగడిలో మాట వేరైనను, శుభలేఖపై ఇంటిపేరును మాత్రము తెలుగున అచ్చువేయింతుము.

అట్టి మా ఇంట ఒక వైద్యవార్త కలత రేపెను. వయసు మీరిన పురుషుల రక్తకణములలో కొన్నింట వై క్రోమోసోము లోపించునని వైద్యవిద్య చదువుచున్న మా మేనకోడలు చెప్పినది. తండ్రినుండి కుమారునకు మాత్రమే సంక్రమించునది ఈ వై. డెబ్బది రెండేండ్ల మా అన్నగారు ఇది విని, "ఒరే తమ్ముడా, అయితే మన వంశము మన నెత్తుటినుండియే పోవుచున్నదన్నమాట!" అని చాలసేపు పలుకక కూర్చుండిరి. వారికి ఒక్కడే కుమారుడు. ఆ కుమారునకు ఇద్దరును ఆడపిల్లలే. పైగా అన్నగారికి గుండెజబ్బు కలదు, చుట్ట అలవాటును కలదు.

ముప్పదియారేండ్లు నకళ్లు తీయుటలో గడిపిన మాకు ఈ విషయము సులువుగనే బోధపడినది. ఎముకల మూలుగలో రక్తకణములు రేయింబవళ్లు పుట్టుచుండును. ఒక కణము రెండగునప్పుడు 46 క్రోమోసోములకును నకలు తీసి చెరొక ప్రతి పంచవలెను. ఏండ్ల తరబడి జరుగు ఈ పంపకములో ఎప్పుడో ఒకప్పుడు వై జారిపోవును. అది లేకున్నను ఆ కణము చావదు. తన వంటివానినే పెంచుకొనును. పక్వమైన ఎఱ్ఱకణములలో కేంద్రకమే ఉండదు గనుక ఈ లెక్క తెల్లకణములది.

వయసుతోడి ఈ మార్పును పెట్రీషియా జేకబ్స్ ప్రభృతులు 1963లోనే గుర్తించిరి. చాలకాలము దీనిని తల నెరయుట వంటి ముసలితనపు చిహ్నముగనే ఎంచిరి. 2014లో స్వీడను దేశమున ఉప్సాలా విశ్వవిద్యాలయమువారు, లార్స్ ఫోర్స్‌బెర్గ్, యాన్ డుమాన్‌స్కీ మొదలగువారు, వెయ్యిమందికి పైగా వృద్ధుల రక్తమును పరీక్షించి, ఈ లోపము హెచ్చుగా ఉన్నవారి ఆయువు సుమారు 5.5 ఏండ్లు తక్కువగా ఉన్నదని తెలిపిరి. 2019లో బ్రిటనునందు 2,05,011 మంది పురుషుల రక్తమును చూడగా అయిదుగురిలో ఒకరికి ఇది కనబడెను. 2022లో అమెరికాలో కెన్నెత్ వాల్ష్ బృందమువారు వై తొలగించిన మూలుగను ఎలుకలకు ఎక్కింపగా వాని గుండెకండరము మచ్చలుపడి గట్టిపడెను. అన్నగారికి ఈ ఎలుకల సంగతి చెప్పుటకు మేము వారము దినములు తటపటాయించితిమి.

వంశము మాట వేరు. కుమారునకు చేరు వై తండ్రి రక్తమునుండి రాదు, బీజమునుండి వచ్చును. అన్నగారి వై వారి కుమారునకు ఏనాడో చేరినది. నేడు మూలుగలో జరుగు నష్టము దానిని తాకదు. మనుమరాండ్రకు వై లేకున్నను పెద్దదానికి అచ్చముగా అన్నగారి ముక్కే వచ్చినది. ఇంతకును మా ఇంట ఎవరును తలపెట్టని సంగతి ఒకటి కలదు. మా తాతగారు వేరొక ఇంటిపేరువారి నుండి దత్తు వచ్చినవారు. మేము వంశధనమని మురియుచున్న ఈ వై అసలు మా ఇంటిపేరువారిది కానేకాదు! ఈ మాట అనగనే అన్నగారికి కోపము వచ్చినది. పిమ్మట కండ్ల నీళ్లు వచ్చునట్లు నవ్విరి.

నవ్వరానిది పొగాకు. సిగరెట్లు కాల్చువారిలో ఈ లోపము హెచ్చనియు, ఎంత కాల్చిన అంత హెచ్చనియు, మానివేసినవారిలో మాత్రము ఎన్నడును కాల్చనివారితో సమానముగా ఉన్నదనియు 2015లో ఆ ఉప్సాలావారే వెల్లడించిరి. "నేను కాల్చునది చుట్ట గదా!" అని అన్నగారు వాదించిరి. చుట్టలోనిది తులసాకు కాదని మా వదినగారు బదులు చెప్పి, చుట్టల డబ్బాను వంటింటి అలమరలో పెట్టి తాళము వేసిరి. ఉదయపు చుట్ట ఆగినది. రాత్రి భోజనానంతరము ఒక్కటి మాత్రము ఆమెయే తీసి ఇచ్చుచున్నారు. అదియు నిన్నటినుండి సగమే.