చీకటి కోసం... హాన్లే దాకా!

కన్ను పొడుచుకున్నా కనిపించని చీకటి అంటారే... అలాంటిది ఇప్పుడు మన ఊళ్లలో ఎక్కడుంది? దాన్ని వెతుక్కుంటూ లద్దాఖ్‌ వెళ్లాను. అక్కడ తీసిన ఒక్క ఫొటో నాకు నెల రోజులు పాఠం చెప్పింది.

చైనా సరిహద్దుకు దగ్గర్లో, సముద్రమట్టానికి 4,000 మీటర్లకు పైన ఉంది హాన్లే. కొండమీద భారత ఖగోళ పరిశోధనశాల. అందులోని 2 మీటర్ల అద్దమున్న హిమాలయన్‌ చంద్ర టెలిస్కోపును బెంగళూరు దగ్గరి హోస్కోటె నుంచి ఉపగ్రహం ద్వారా నడుపుతారు. 2022 డిసెంబరులో ఈ చుట్టుపక్కల 1,073 చదరపు కిలోమీటర్లను ‘డార్క్‌ స్కై రిజర్వు’గా ప్రకటించారు. అంటే ఇక్కడ చీకటిని కూడా అడవిని కాపాడినట్టు కాపాడతారన్నమాట!

నేను వెళ్లింది అక్టోబరులో, అమావాస్యకు ముందు రోజు. ఎముకలు కొరికే చలి. దారి కనిపించక సెల్‌ఫోను లైటు వేశాను. ‘‘ఆపేయండి. కళ్లు మళ్లీ చీకటికి అలవాటు పడాలంటే అరగంట పడుతుంది’’ అంది నేను దిగిన ఇంటావిడ. ఆ ఇంటి కిటికీలకు మందపాటి పరదాలు. బయట ఒక్క బల్బు లేదు. తలెత్తితే ఈ కొండ నుంచి ఆ కొండ దాకా పాలపుంత! నడినెత్తిన చిన్న దూదిపింజలా ఆండ్రోమెడా గెలాక్సీ. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నదాన్ని ఉత్తి కళ్లతో చూస్తున్నా. నక్షత్రాల కదలికను అనుసరించి తిరిగే స్టాండుకు కెమెరా బిగించి, నిమిషానికి ఒకటి చొప్పున 64 ఫొటోలు తీశాను.

నల్లటి పలకే మిగిలింది!

హైదరాబాద్‌ వచ్చాక అసలు కథ మొదలైంది. విడివిడిగా చూస్తే ఫొటోలన్నీ నలుపే, మధ్యలో చిన్న మసక. వాటిని కలపడానికి పిక్స్‌ఇన్‌సైట్‌ అనే సాఫ్ట్‌వేర్‌ నేర్చుకుందామని కూర్చున్నా. మొదటిరోజే గెలాక్సీ తెర మీద మెరిసిపోయింది. సేవ్‌ చేసి ఇంట్లోవాళ్లని పిలిచి తెరిస్తే... నల్లటి పలక! నేను నొక్కిన బటన్‌ బొమ్మను మార్చదట, తెరమీద వెలుగు పెంచి చూపిస్తుందంతే. బొమ్మను నిజంగా వెలిగించడం వేరే పని.

మెల్లగా ఒక్కో మెట్టూ తెలిసింది. ఒక్క ఫొటోలో నక్షత్రాల వెలుగుతోపాటు ఇసక చల్లినట్టు ‘నాయిస్‌’ కూడా ఉంటుంది. 64 ఫొటోలనూ చుక్క మీద చుక్క పడేలా పేర్చి సగటు తీస్తే అది ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. 64కు వర్గమూలం ఎనిమిదే కదా! లెన్సుకు మూతపెట్టి, అక్కడి చలిలోనే తీసిన ‘డార్క్‌’ ఫొటోలు కెమెరా సొంత మచ్చల్ని తీసేస్తాయి. లెన్సు మీద తెల్ల బనియను కప్పి, తెల్లవారే వెలుగులో తీసిన ‘ఫ్లాట్‌’ ఫొటోలు దుమ్ము మరకల్నీ, మూలల్లోని మసకనీ సరిచేస్తాయి.

మూడో వారానికి గెలాక్సీ చేతులు విచ్చుకున్నాయి. ఆకాశంలో దాని వెడల్పు నిండు చందమామకు ఆరు రెట్లట! ఉత్సాహం ఆగక నీలం పెంచాను, ఎరుపు పెంచాను. నాన్న కళ్లజోడు సవరించుకుని చూసి, ‘‘ఇది అక్కడ నిజంగా ఉందా, నువ్వు కంప్యూటర్లో పెట్టావా?’’ అన్నారు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

డాబా మీద పరీక్ష

ఆ వారమే మా డాబా మీద అదే కెమెరాతో మళ్లీ 64 ఫొటోలు తీశాను. ఆకాశమంతా నారింజ రంగు. సాఫ్ట్‌వేర్‌ ఆ రంగును తుడిచేసింది. కానీ గెలాక్సీ నడిబొడ్డు తప్ప చేతులు రాలేదు. నగరం వెలుగును లెక్కగట్టి తీసేయొచ్చుగానీ, దాంతోపాటు వచ్చిన నాయిస్‌ పోదు. సన్నటి వెలుగంతా అందులోనే మునిగిపోయింది. హాన్లే ఫొటోకి ఆ తుడుపు పనే పెద్దగా పడలేదు. సాఫ్ట్‌వేర్‌ ఉన్న వెలుగును పైకి తీయగలదు, లేని చీకటిని మాత్రం తెచ్చిపెట్టలేదు.

హాన్లే బొమ్మను మొదటినుంచి మళ్లీ చేశాను, రంగులు తగ్గించి. ‘‘ఉంది నాన్నా. కిందటిసారి రంగే ఎక్కువేశాను’’ అన్నాను. ఆయన చాలాసేపు చూశారు. ‘‘మా చిన్నప్పుడు వాకిట్లో నులకమంచాలు వేసుకుని పడుకుంటే పాలపుంత కనిపించేది. ఇంతలా వెతుక్కోవాల్సి వస్తుందని అనుకోలేదు’’ అన్నారు.

ఇలా వెళ్లాలి

దిల్లీ నుంచి లేహ్‌కు విమానాలున్నాయి. అక్కడినుంచి హాన్లే సుమారు 250 కిలోమీటర్లు. సరిహద్దు ప్రాంతం కాబట్టి అనుమతి పత్రం తీసుకోవాలి. లేహ్‌లో కనీసం రెండు రోజులు ఆగి, పల్చటి గాలికి అలవాటుపడ్డాకే బయల్దేరాలి. అమావాస్య రోజుల్ని ఎంచుకోండి. రాత్రిపూట మాత్రం... సెల్‌ఫోను లైటు జేబులోనే ఉంచండి!