ధనుష్కోటికి టిక్కెట్టు

మదురైలో మా ఇల్లు రైలు స్టేషనుకు కూతవేటు దూరంలో ఉండేది. ఏ బండి కూస్తే ఏ పని మొదలుపెట్టాలో మా అవ్వకు లెక్క ఉండేది. అయినా ఆమె జన్మలో ఎక్కిన రైళ్ళు మూడో నాలుగో. వాటిలో మాటిమాటికీ తలచుకొనేది ఒక్కటే, ధనుష్కోటి బండి.

1946లో అవ్వకు అన్న ఒకాయన కొలంబోలో బట్టల కొట్టులో లెక్కలు రాసే పనికి వెళ్ళాడు. ఆ రోజుల్లో మద్రాసులో బోట్ మెయిల్ ఎక్కితే ఒకే టిక్కెట్టుతో కొలంబో చేరవచ్చు. ధనుష్కోటి దాకా రైలు, అక్కడినుంచి తలైమన్నారుకు స్టీమరు, మళ్ళీ రైలు. అన్నను సాగనంపడానికి అవ్వ ధనుష్కోటి దాకా పోయింది. ఓడ చుక్కంత అయ్యేదాకా రేవులో నిలబడే ఉన్నానని చెప్పేది. ఆయన రెండు ఉత్తరాలు రాశాడు. ఆ తరువాత రాయలేదు, రాలేదు.

1978 వేసవి సెలవుల్లో నాయన మమ్మల్ని రామేశ్వరం తీసుకుపోయాడు. అప్పుడు నాకు పదేళ్ళు. టిక్కెట్ల కిటికీ దగ్గర నాయనకంటే ముందు అవ్వ చెయ్యి చాపి, "ధనుష్కోటికి నాలుగు" అంది. లోపలి గుమాస్తా పెద్దవాడు. నవ్వలేదు. ఆమె ముఖంలోకి కాసేపు చూసి, "ఆ స్టేషను పోయి పద్నాలుగేళ్ళు కావస్తోందమ్మా" అన్నాడు.

అవ్వకు తుఫాను సంగతి తెలియక కాదు. 1964 డిసెంబరు 22 రాత్రి పాంబన్‌నుంచి బయలుదేరిన ప్యాసింజరు బండిని ధనుష్కోటి దగ్గరలో ఉప్పెన మింగేసిందనీ, అందులో నూరుమందికి పైగా పోయారనీ ఆమె విన్నదే. కాని అదే తుఫానులో కొట్టుకుపోయిన పాంబన్ వంతెనను శ్రీధరన్ అనే యువ ఇంజనీరు 46 రోజుల్లో తిరిగి నిలబెట్టాడని కూడా విన్నది. సముద్రంమీద వంతెన కట్టినవాళ్ళు ఇసుకలో పట్టాలు వేయలేరా? ఇదీ ఆమె వాదం. అందులో తప్పు నాకిప్పటికీ కనబడదు. అయితే ఆ ఊరు ఇక మనుషులుండడానికి పనికిరాదని ప్రభుత్వం ప్రకటించింది. పట్టాలు వేసినా దిగేవారెవరు?

చివరకు రామేశ్వరానికే టిక్కెట్లు కొన్నాం. అప్పట్లో అది మీటరుగేజి దారి, బొగ్గు ఇంజను. కిటికీ పక్క చోటుకోసం చెల్లెలితో పోట్లాడి గెలిచి, కంట్లో నలుసు పడి ఏడ్చాను. మానామదురైలో బండి చాలాసేపు ఆగింది. అక్కడి కుమ్మరులు చేసే ఘటాలకు సంగీత కచేరీల్లో గొప్ప పేరు. అవ్వ మాత్రం మంచినీళ్ళ కూజా ఒకటి బేరమాడి కొన్నది. పరమకుడి, రామనాథపురం దాటాక తాటిచెట్లు, తుమ్మపొదలు తప్ప మరేమీ లేవు. గాలిలో ఉప్పు తగిలింది.

మండపం దాటగానే వంతెన. 1914లో ప్రారంభమైన ఆ వంతెన పొడవు రెండు కిలోమీటర్లకు పైన. 1988లో రోడ్డు వంతెన వచ్చేదాకా పడవ కాకపోతే ఆ దీవికి రైలే దారి. ఓడలు వచ్చినప్పుడు నడిమి భాగం రెండు రెక్కలుగా విడిపోయి పైకి లేచేది. ఆ రెక్కలను మనుషులే చేతులతో తిప్పి ఎత్తేవారు. బండి నత్తనడక నడిచింది. కిటికీలోంచి వంగి చూస్తే కట్టకాని గోడకాని కనబడలేదు, కింద నీళ్ళే. పెట్టెలో అందరూ మాటలు మానేశారు. అవ్వ నా చేతిలో అయిదు పైసల బిళ్ళ పెట్టి సముద్రంలో వేయమంది. అది పడిన చప్పుడు వినబడలేదు.

రామేశ్వరంలో 22 తీర్థాల నీళ్ళు పోయించుకొని వణికిపోవడం, అంతు కనబడని ఆ స్తంభాల మండపంలో చెల్లెలు తప్పిపోయి దొరకడం నాకు బాగా గుర్తు. మర్నాడు అవ్వ మళ్ళీ అడిగింది. సుమారు 20 కిలోమీటర్లే కదా అంది. దారి లేదు, ఇసుకలో చేపల లారీమీద పోవాలి, ఈ వయసులో నీవల్ల కాదన్నాడు నాయన. ఇప్పుడు లంక ఓడ రామేశ్వరంనుంచే పోతుంది, ఇక్కడే చూడమన్నాడు. "మా అన్న ఎక్కింది ఇక్కడ కాదురా" అంది అవ్వ. వచ్చే ఏడు చూద్దామన్నాడు నాయన. అవ్వ మరో అయిదేళ్ళు బతికింది. ఆ వచ్చే ఏడు మాత్రం రాలేదు.

2025 ఆగస్టులో నేనొక్కణ్ణే వెళ్ళాను. మీటరుగేజి 2007లోనే పోయింది. పాత వంతెనమీద 2022 డిసెంబరులో బళ్ళు ఆపేశారు. 2025 ఏప్రిల్‌లో ప్రారంభమైన కొత్త వంతెనలో 72 మీటర్ల పైచిలుకు నడిమి భాగం నిట్టనిలువునా పైకి లేస్తుంది. గొప్ప పనే, కాదనను. కాని బండి ఎంత త్వరగా దాటిందంటే, జేబులో బిళ్ళకోసం వెదుకుతుండగానే పాంబన్ వచ్చేసింది.

రామేశ్వరం అబ్దుల్ కలాం పుట్టిన ఊరు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బండి అక్కడ ఆగడం మానేస్తే, కదిలే బండినుంచి విసిరిన పత్రికల కట్టలను అందుకొనే పనిలో తాను సాయపడ్డానని ఆయన ఆత్మకథలో రాసుకున్నారు. ఆ కట్టలు పడింది ఈ ధనుష్కోటి దారిలోనే. ఇప్పుడక్కడ మంచి తారురోడ్డు ఉంది. చేపల లారీ అక్కరలేదు, బస్సులో కూర్చుంటే చాలు. అది తలచుకొంటే నాయనమీద కోపం వచ్చింది, తరువాత జాలి వేసింది.

ధనుష్కోటిలో కప్పు లేని చర్చి గోడలు, స్టేషను మొండిగోడలు మిగిలాయి. గవ్వలమ్మే ముసలమ్మను ప్లాటుఫారం ఎటువైపుండేదని అడిగాను. ఆమె ఇసుకవైపు చెయ్యి చూపి, నా ఎండిన పెదవులు చూసి, గుంటలో ఊరిన నీళ్ళు గ్లాసుతో ముంచి ఇచ్చింది. రెండు సముద్రాల నడుమ, మూరెడు లోతున తియ్యటి నీళ్ళు! ఆ నీళ్ళు అవ్వ కూజాలో ఉండవలసినవి అనిపించింది.

ఆమె చూపిన చోట తూర్పుముఖంగా నిలబడ్డాను. లంక కనబడలేదు. జేబులో ఫోను మోగితే తీసి చూశాను. శ్రీలంకకు స్వాగతమంటూ అక్కడి టెలిఫోను కంపెనీ సందేశం. ఆ దిక్కునుంచి మా ఇంటికి మూడో ఉత్తరం రాలేదని అవ్వ చివరిదాకా అంటూనే ఉండేది. నేను దాన్ని చెరపలేదు. వెనకనుంచి బస్సు హారను మోగింది.