మస్టరులో మన పేరు, యంత్రంలో మన మాట

కృత్రిమ మేధ, అందరి నోటా నలుగుతున్న ఏఐ, కూలి జనానికి మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అని మా బడుల్లో పెద్ద పిల్లలు అడుగుతున్నారు. ఐటీఐ చదివే కుర్రాళ్లు ఇంకా సూటిగా "మాకు పని మిగులుతుందా సారూ?" అంటున్నారు. ఆదివాసీ ఉపాధ్యాయులుగా మేము ఒక్క ముక్కలో జవాబు చెప్పలేం. అయితే ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. యంత్రం తప్పు చేసినప్పుడు "ఇది తప్పు" అని చెప్పే హక్కు ఎవరిది? ఆ మాట వినేది ఎవరు?

మేలు లేదని మేము అనం. చదువు రాని అవ్వకు దరఖాస్తులో ఏముందో ఫోను చదివి వినిపిస్తుంది. మూడు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టే ఏకోపాధ్యాయ బడిలో అభ్యాస పత్రాల తయారీకి మేమూ వాడుకుంటున్నాం. కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ 2025లో 'ఆది వాణి' అనే అనువాద సాధనం తెచ్చింది. సంతాలీ, భీలీ, ముండారీలతో పాటు గోండీకీ అందులో చోటు దొరికింది. మన పిల్లలకు అది గర్వకారణమే.

అయితే ఈ యంత్రం ఎలా నేర్చుకుంటుందో కూడా తెలియాలి. లక్షల వాక్యాలు, ఫొటోలు చూపిస్తే వాటిలోని పోలికలు పట్టుకుంటుంది. చూపించనిది దానికి రాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం గోండీ మాట్లాడేవారు సుమారు 30 లక్షలు, కోయ మాట్లాడేవారు సుమారు 4 లక్షలు. అయినా ఆ భాషల్లో అచ్చయినది తక్కువ. తెలియని చోట యంత్రం ఊరుకోదు, తోచింది చెప్పేస్తుంది. మన భాషలో అది తప్పు చెబితే పట్టుకోగలిగేది మనమే.

ఇక కూలి సంగతి. ఉపాధి హామీ పనిలో 2023 జనవరి నుంచి రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో తీసి ఎన్‌ఎంఎంఎస్ యాప్‌లో ఎక్కించడం తప్పనిసరి చేశారు. కాగితం మస్టరులో పేరు తప్పితే మేటును పని దగ్గరే నిలదీసేవాళ్లం. సిగ్నల్ అందక యాప్‌లో హాజరు పడకపోతే "నా చేతిలో లేదు" అంటాడు మేటు. ఆఫీసుకు వెళితే "సర్వర్" అంటారు. సర్వర్‌ను నిలదీసేదెలా? దొంగ హాజరు ఆపడానికే ఇదంతా అన్నారు. సంబంధం లేని ఫొటోలు, ఫొటోకు తీసిన ఫొటోలు ఎక్కిస్తున్నారని 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే గుర్తించి, మళ్లీ మనుషులే సరిచూడాలని ఆదేశించింది.

అంగన్‌వాడీల్లో ఇది ఇంకో అడుగు ముందుకు వెళ్లింది. 2025 జూలై 1 నుంచి ఇంటికిచ్చే సరుకులకు పోషణ్ ట్రాకర్‌లో ముఖ గుర్తింపు తప్పనిసరి. ముఖాన్ని పోల్చి చూసేది ఏఐయే. ఆధార్‌లో ఏనాటిదో ఫొటో ఉంటుంది. బాలింత ముఖం దానికి కలవకపోతే ఆ తల్లిని చిన్నప్పటి నుంచి ఎరిగిన టీచరమ్మ సాక్ష్యానికి విలువేముంటుంది? ఊరందరికీ తెలిసిన మనిషి యంత్రానికి తెలియకపోతే, పోయేది బిడ్డ నోటి ముద్ద.

యంత్రం వెనక కూడా కూలీలున్నారు. ఫొటోలు చూసి ఇది చెట్టు, ఇది పురుగు అని గుర్తులు పెట్టడాన్ని డేటా లేబులింగ్ అంటారు. 2024లో అరణ్య సహాయ్ తీసిన 'హ్యూమన్స్ ఇన్ ది లూప్' సినిమా ఈ పని చేసే జార్ఖండ్ ఉరావ్ మహిళ కథ. ఒక గొంగళిపురుగును చీడ అని గుర్తు పెట్టడానికి ఆమె ఒప్పుకోదు. అది ఆకులో పాడైన భాగమే తింటుందని అడవి ఆమెకు నేర్పింది. నేర్పే చెయ్యి ఆమెది, తీర్పు చెప్పేది మాత్రం ఎక్కడో ఉన్న కంపెనీ. ఇలాంటి పని మన యువతకూ రావచ్చు. రానివ్వండి, కానీ కూలితో పాటు మాట విలువ కూడా అడగండి.

మన భూమి పరాయి చేతికి పోకుండా 1/70 చట్టం కాపలా ఉంది. మన పాటకు, మందు మొక్క పేరుకు, గొంతుకు అలాంటి కాపలా లేదు. సంప్రదాయాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే సామర్థ్యం గ్రామసభకు ఉందని 1996 నాటి పెసా చట్టం అంగీకరించింది. కాబట్టి రికార్డు చేసుకోవడానికి ఎవరొచ్చినా ముందు గ్రామసభకు రమ్మనండి. ఎవరి కోసం, ఎక్కడ దాస్తారు, మాకేమిస్తారు అని అడగండి. యాప్ హాజరుతో పాటు కాగితం మస్టరు కూడా ఉండాలని, తప్పు పడితే మండలంలోనే సరిచేసే మనిషి ఉండాలని తీర్మానం రాయించండి.

తోటి ఉపాధ్యాయులకు మా సూచన ఒకటే. ఒక ఆకు గురించి యంత్రం చెప్పింది నోటు పుస్తకంలో ఒక పక్క, ఇంట్లో అవ్వ చెప్పింది మరో పక్క రాయించండి. తేడా వచ్చిన చోట ఆపి, ఎవరిది సరో పిల్లలనే వెతకమనండి. అలా అడగడం అలవాటైన పిల్ల రేపు మస్టరు ముందు కూడా నోరు విప్పుతుంది.