అబ్బాజాన్ అంబాసిడర్

పాత అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజను బ్రిటిష్ బి-సిరీస్‌కు చెందినది. 1955లో వచ్చిన ఎం.జి.ఏ. స్పోర్ట్స్ కారుకూ ఆ ఇంజనే ఆధారం. దానికి రెండు ఎస్.యు. కార్బురేటర్లు, మన బండికి ఒకటి. ఝరాసంగంలో అబ్బాజాన్ మాకు విడిచి వెళ్లిన బండి ఇదే. నల్లపొగ, నిలకడలేని చప్పుడు చూసి తమ్ముడు దానిని పాత ఇనుముకు బేరం కుదిర్చాడు. అమ్మీజాన్ ఏమీ అనలేదు. ఆ పూట భోజనమూ చేయలేదు.

మేము జహీరాబాద్ నుండి ఒక వృద్ధ మిస్త్రీని పిలిపించాము. "స్క్రూ తిప్పితే రోగం దాగుతుంది మౌలానా, పోదు" అన్నారాయన. ముందు వాల్వుల సందు, ఇగ్నిషన్ టైమింగ్ సరిచూశారు. ఆ తరువాతే కార్బురేటరు విప్పారు. సూది ఏళ్ల తరబడి రాసుకొని జెట్ రంధ్రం గుండ్రదనం కోల్పోయింది. థ్రాటిల్ ఇరుసు అరిగి పక్కనుండి గాలి లోపలికి పోతున్నది. ఇక ఏ సర్దుబాటు నిలుస్తుంది? అరిగినవన్నీ మార్చి, డ్యాష్‌పాట్‌లో నూనె పోశారు.

ఇంజను వేడెక్కిన తరువాత కార్బురేటరు పిస్టన్‌ను నూలుపోగంత ఎత్తారు. వేగం పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువైనట్లు. ఇంజను ఆగబోతే తక్కువైనట్లు. క్షణం పెరిగి సర్దుకుంటే సరిపోయినట్లు. (రెండు కార్బురేటర్లున్న బండికైతే ముందుగా రబ్బరు గొట్టం చెవికి ఆనించుకొని, రెండింటి గాలి హోరు సమానం చేయాలట.) మూడవసారికి చప్పుడు కుదురుకున్నది. తమ్ముడు ఇనుము వ్యాపారికి ఫోను చేయడానికి బయటకు వెళ్లాడు. అమ్మీజాన్ మిస్త్రీకి చాయ్ పంపించారు.