ఎంత అన్నది సగం ప్రశ్నే

విద్యుత్ నియంత్రణ మండలి ఏటా ఇచ్చే టారిఫ్ ఉత్తర్వులో జనానికి కావలసింది ఒక్క పట్టికే. యూనిట్ రేటు పెరిగిందా, మన శ్లాబు మారిందా? అది చూసుకుని పేపరు మడిచేస్తాం. ప్రొద్దుటూరులో మా వీధిలోనూ అంతే. నాకు మాత్రం కొన్నేళ్లుగా ఆ లావుపాటి ఉత్తర్వులో మధ్య అధ్యాయాలు చదివే అలవాటు పట్టుకుంది. వినియోగదారుడు రాసిన అభ్యంతరం ఒక పేరా, దానికి కరెంటు పంపిణీ చేసే డిస్కం ఇచ్చిన జవాబు మరో పేరా, వాటి కింద మండలి అభిప్రాయం. ఇలా మూడు వరసల్లో వాదన నడుస్తుంది. మామూలు మనిషి తెల్లకాగితం మీద రాసి పంపిన నాలుగు మాటలకు ఒక ప్రభుత్వ సంస్థ రాతపూర్వకంగా బదులు చెప్పాల్సిన చోట్లు మన పాలనలో బహు తక్కువ. అందుకే ఆ పేజీలంటే నాకు గౌరవం.

వాటిని చదవగా చదవగా ఒక సంగతి తెలిసొచ్చింది. మనం అడిగేదంతా ‘ఎంత’ గురించే. ఛార్జీ ఎంత, నష్టం ఎంత, సబ్సిడీ ఎంత. రాబోయే పదేళ్లకు గ్రిడ్‌ను సిద్ధం చేసేవాళ్లకు మన దగ్గర దొరికే సరుకు వేరే ఉంది: కరెంటు ఎక్కడ కావాలి, ఎప్పుడు కావాలి అన్నది. ఈ రెండూ తిరుపతిలోని మా డిస్కం ఎస్పీడీసీఎల్‌కు గానీ విజయవాడలోని ప్రసార సంస్థ ట్రాన్స్‌కోకు గానీ మనకన్నా బాగా తెలిసే వీలు లేదు. ఎంత అన్నదాన్ని వాళ్లు లెక్క కట్టగలరు. ఎక్కడ, ఎప్పుడు అన్నవి మాత్రం ఊళ్లో ఉన్నవాడు చెప్పాలి.

బిల్లు చివరన వచ్చే కాగితం. దాని మీది అంకెలు ఎన్నో ఏళ్ల ముందే ఖాయమై ఉంటాయి. డిస్కంలు, ట్రాన్స్‌కో కలిసి ఏ ప్రాంతంలో వాడకం ఎలా పెరుగుతుంది, అందుకు ఏ కేంద్రం నుంచి కరెంటు కొనాలి, ఏ దారిన లైన్లు వేయాలి అని అంచనాలు తయారుచేసి మండలికి ఇస్తాయి. ఇప్పుడు నడుస్తున్న 2024–29 కాలానికి, ఆ తర్వాతి 2029–34 కాలానికి కూడా అలాగే ఇచ్చాయి. మండలి వాటి మీద జనం అభిప్రాయాలు అడిగింది. పేపర్లో ప్రకటన వచ్చింది. టారిఫ్ ప్రకటన వస్తే టీ కొట్టు దగ్గర చర్చ జరుగుతుంది. ఈ ప్రకటన గురించి మా ఊళ్లో ఎవరి నోటా నేను వినలేదు.

ఆ మౌనం ధర ఎలా ఉంటుందో గాలిమరల కథ చెబుతుంది. 2015లో మండలి గాలి కరెంటుకు రేటు కట్టే నిబంధన తెచ్చింది. దాని ప్రకారం 2016–17కు నిర్ణయించిన ధర యూనిట్‌కు 4.84 రూపాయలు, ఒప్పందం 25 ఏళ్లకు. 2017 ఫిబ్రవరిలో దేశంలో తొలిసారి గాలి కరెంటుకు వేలం పెడితే ధర 3.46కు దిగింది. 2019 జులైలో రాష్ట్ర ప్రభుత్వం పాత ఒప్పందాలను తిరగదోడడానికి కమిటీ వేసింది. వ్యవహారం హైకోర్టుకెక్కింది. రాసుకున్న ధరే కట్టాలని 2022 మార్చిలో హైకోర్టు తేల్చింది. సంతకాల ముందు అడగాల్సిన ప్రశ్నలు సంతకాల తర్వాత అడిగితే దక్కేది కోర్టు ఖర్చే.

మన రాష్ట్రంలో కరెంటు మీద జనం గొంతు లేవలేదని కాదు. 2000 మే నెలలో తొలి టారిఫ్ ఉత్తర్వు వచ్చాక రాష్ట్రమంతా రోడ్డెక్కింది. ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో కాల్పులకు ముగ్గురు బలయ్యారు. ఆ పోరాటం తర్వాత ఏ ప్రభుత్వమైనా ఛార్జీ పెంచాలంటే ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తోంది. అయితే ఆ గొంతు కూడా లేచింది బిల్లు మీదే.

‘ఎక్కడ, ఎప్పుడు’ అంటే ఏమిటో తెలియడానికి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, మా ఈ మూడు ఊళ్లు చాలు. ఒక జిల్లాలో, గంటన్నర లోపు దూరాల్లో ఉన్నా ఈ మూడింటి కరెంటు గడియారాలు వేరు.

ప్రొద్దుటూరుకు సాయంత్రమే పగలు. దీపాలు పెట్టే వేళకు బంగారు అంగళ్లు, బట్టల అంగళ్లు వెలుగుతాయి. దసరా రోజుల్లో అమ్మవారిశాల వైపు వీధులు చూస్తే సీరియల్ బల్బులకే ఒక సబ్‌స్టేషన్ కావాలనిపిస్తుంది. ఎండాకాలం సంగతి మరోటి. మా మలుపులోని ట్రాన్స్‌ఫార్మర్ పగలంతా నిమ్మళంగా ఉండి, రాత్రి తొమ్మిది దాటి ఇళ్లలో ఏసీలు మొదలయ్యాక మూలుగుతుంది. నెల మొత్తం మీద మేం వాడే యూనిట్లను ముప్పైతో భాగిస్తే ఆ మూలుగు వినిపించదు.

జమ్మలమడుగుది రాబోయే కరెంటు కథ. అక్కడ ఉక్కు ఫ్యాక్టరీకి 2007 జూన్‌లో బ్రహ్మణి పేరుతో పునాదిరాయి పడింది. 2018 డిసెంబరు 27న కంబాలదిన్నెలో ఇంకొకటి, 2019 డిసెంబరు 23న సున్నపురాళ్లపల్లెలో మరొకటి పడ్డాయి. అదే సున్నపురాళ్లపల్లెలో 2023 ఫిబ్రవరి 15న జేఎస్‌డబ్ల్యూతో కలిసి మళ్లీ శంకుస్థాపన చేశారు. ఉక్కు ఫ్యాక్టరీ అంటే ఒక పట్టణమంత లోడు. లోడు అంచనాలో దాన్ని ఏ ఏడు నుంచి లెక్కేస్తారు? వస్తుందనుకుని కరెంటు కొనిపెట్టుకుంటే, రాని ఏళ్లకు కూడా స్థిర ఛార్జీలు కట్టాలి. రాదనుకుని వదిలేస్తే వచ్చిన రోజున లైను ఉండదు. ఇది పెద్ద చదువులు చదివితేనే తట్టే ప్రశ్న కాదు. పునాదిరాళ్లు లెక్కపెట్టిన జమ్మలమడుగు మనిషి ఎవరైనా అడగగలడు.

పులివెందుల వైపు లోడంతా భూమి లోపల ఉంటుంది. లింగాల దగ్గర మా చిన్నాన్నకు చీనీతోట, కొంత అరటి ఉన్నాయి. మోటారు కొట్టంలో స్టార్టర్ డబ్బా పక్కన మేకుకు ఎరువుల అంగడివాళ్లిచ్చిన క్యాలెండరు వేలాడుతుంటుంది. ప్రతి తేదీ గడిలో బాల్ పెన్నుతో రెండు టైములు: కరెంటు వచ్చింది, పోయింది. కొన్ని గడుల్లో ‘ఒక ఫేజు లేదు’ అని, కొన్నింట్లో ‘లో ఓల్టేజి’ అని, అక్కడక్కడా ‘వైండింగు’ అని ఉంటాయి. ఇదంతా ఎందుకు చిన్నాన్నా అని అడిగాను.

“నాయాల్ది, నోటిమాట ఎవురు నమ్ముతారు అబ్బీ? లైన్‌మన్ అడిగినా ఏఈ అడిగినా ఇది చూపిస్తా. క్యాలెండరు అబద్ధం చెప్పదు గదా” అన్నాడు.

ఆ క్యాలెండరు విలువ ఆయన అనుకున్నదానికన్నా ఎక్కువ. వ్యవసాయ మోటార్లకు మీటర్లు లేనిచోట అవి ఎంత వాడాయన్నది అంచనా లెక్కే. నమూనాగా ఎంచుకున్న కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లకు మీటర్లు పెట్టి, వాటి రీడింగుతో మిగతావాటిని లెక్కగడతారు. ఆ లెక్క మీదే సబ్సిడీ, ఆ లెక్క మీదే రేపటి ప్రణాళిక. అలాంటప్పుడు ఒక రైతు ఏళ్ల తరబడి రాసిన వేళలు ఫిర్యాదు కాదు, సాక్ష్యం.

అందులో ఇంకో సంగతీ కనిపించింది. పార్నపల్లె దగ్గరి చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు నిండిన ఏడు బోర్లలో నీళ్లు పైకొచ్చాయి, మోటారు వైండింగు కాలడం తగ్గింది. అయితే నీళ్లున్నాయి గదా అని మరుసటేడు చుట్టుపక్కల అరటి విస్తీర్ణం పెరిగింది, కొత్త బోర్లు పడ్డాయి. అంటే ఇక్కడి వ్యవసాయ లోడు ఏటా ఇంత శాతం అని గీత గీసినట్టు పెరగదు. వానను బట్టి, కాలువను బట్టి, అరటి గెల ధరను బట్టి పడి లేస్తుంది. ఈ ముక్క ఏ సాఫ్ట్‌వేరుకూ దానంతటదే తెలియదు. ఎవరో ఒకరు రాసి పంపాలి.

నేను నేర్చుకున్న అసలు పాఠం మాత్రం పగటి కరెంటు దగ్గర ఉంది.

2004 మే 14న పులివెందుల నాయకుడు వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా పెట్టిన తొలి సంతకం ఉచిత విద్యుత్ ఫైలు మీద. కరెంటుకు డబ్బు కట్టే పని తప్పింది గానీ, అర్ధరాత్రి లేచి పోయే పని తప్పలేదు. రోజుకు ఏడు గంటల కరెంటును విడతలుగా ఇచ్చేవాళ్లు, ఒక విడత తరచూ రాత్రిపూట పడేది. కొట్టం చూరుకు కట్టిన బల్బు వెలిగితే త్రీఫేజు వచ్చిందని గుర్తు. టార్చిలైటు పట్టుకుని పాముల్లో, తడి మడుల్లో పోవాలి. స్టార్టర్ దగ్గర షాకు కొట్టి చనిపోయినవాళ్ల కథ లేని ఊరు మా వైపు లేదు. చిన్నాన్న తరం రైతులు ఏ మీటింగులోనైనా అడిగింది ఒక్కటే: తక్కువిచ్చినా పగలివ్వండి.

ఇంజనీర్ల జవాబులోనూ న్యాయం ఉంది. పగలు ఫ్యాక్టరీలకు, పట్టణాలకు కరెంటు కావాలి. రాత్రి బొగ్గు కేంద్రాలను ఆపలేం, వాటి కరెంటు వాడేవాడు ఉండడు. కాబట్టి మోటార్లకు రాత్రే ఇవ్వాలి. ఆ రోజుల లెక్క ప్రకారం అది సబబే. రైతు మాటను సౌకర్యం కోసం చేసే విన్నపంగా పక్కన పెట్టారు.

తర్వాత ఎండ ఆ లెక్కను తలకిందులు చేసింది. జమ్మలమడుగు పక్కన మైలవరం మండలంలో దాదాపు 6 వేల ఎకరాల్లో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు తలపెట్టారు. 2017 ఏప్రిల్‌లో అందులో 250 మెగావాట్లకు వేలం పెడితే యూనిట్ 3.15 రూపాయలకు వచ్చింది. దేశంలో అప్పటికి అదే అతి తక్కువ ధర. సౌర విద్యుత్ పెరిగేకొద్దీ మధ్యాహ్నం కరెంటు చవకైంది, సాయంత్రం కరెంటు ప్రియమైంది. వ్యవసాయానికి పగలే తొమ్మిది గంటలు అన్నది ప్రభుత్వ విధానమైంది. మహారాష్ట్ర 2017లోనే వ్యవసాయ ఫీడర్లను సౌర విద్యుత్‌తో నడిపే పథకం పెట్టింది. 2019లో కేంద్రం పంపుసెట్లకు సౌర విద్యుత్ అందించే పీఎం కుసుమ్ పథకం తెచ్చింది. రైతు ప్రాణభయంతో అడిగిన కోరికే గ్రిడ్‌కు చౌక దారి అయింది.

రైతులు భవిష్యత్తును ముందే చూశారని నేననను. మోటారుకు కరెంటు ఏ వేళ వచ్చినా ఒకటే కాదన్న సంగతిని వాళ్లు ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నారు. ఆ మాట విన్నపాల ఫైల్లోకి పోయింది గానీ ప్రణాళిక ఫైల్లోకి పోలేదు. లోడును వేళ మార్చి కదపవచ్చన్నది ఈ రోజు ప్రపంచమంతటా గ్రిడ్ ఇంజనీర్లు చెప్పే మాట. మా వైపు అది మీటింగుల్లో ఎప్పటినుంచో ఉంది.

ఆ పగటి కరెంటు కోసమే 2021 డిసెంబరులో రాష్ట్రం 7,000 మెగావాట్ల సౌర విద్యుత్‌కు 25 ఏళ్ల ఒప్పందం చేసుకుంది. ధర యూనిట్‌కు 2.49 రూపాయలు, కరెంటు రావలసింది రాజస్థాన్ నుంచి. దాని మంచిచెడ్డలు కోర్టుల దాకా వెళ్లాయి. ఆ వాదనలు ఎలా ఉన్నా, ‘ఎప్పుడు’ అన్నదానికి జవాబు దొరికాక ‘ఎక్కడ’ అన్న ప్రశ్న మిగిలే ఉంది. ఎండకు కరువు లేని సీమలో ఆ మాట అడగడానికి పరిశోధన అక్కర్లేదు.

ఇక సాయంత్రం. కలమల్ల దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రంలో 1994లో మొదటి యూనిట్ మొదలైంది. 2018లో 600 మెగావాట్ల యూనిట్ చేరాక మొత్తం సామర్థ్యం 1,650 మెగావాట్లయింది. బొగ్గు రైళ్లలో దూరం నుంచి రావాలి కాబట్టి దాని కరెంటు ప్రియం. పొద్దున ఎండ ఎక్కేకొద్దీ తగ్గాలి, పొద్దు గుంకేసరికి పుంజుకోవాలి. ఈ కష్టం తీర్చడానికే గండికోట దగ్గర, పులివెందుల వైపు పైడిపాలెం దగ్గర పంప్డ్ స్టోరేజీ ప్రతిపాదనలు వచ్చాయి. మధ్యాహ్నం మిగిలిన కరెంటుతో నీళ్లను పై రిజర్వాయరుకు ఎత్తి, సాయంత్రం కిందికి వదిలి కరెంటు తీస్తారు. ఆ నీళ్లే పైకీ కిందికీ తిరుగుతాయి, ఆవిరైనంత మేరకు మళ్లీ నింపాలి. గండికోట రిజర్వాయరు ముంపులో ఊళ్లు పోగొట్టుకున్నవాళ్లకు నీటి ప్రశ్నలు నేర్పాల్సిన పని లేదు. కరువు ఏట మొదటి వంతు తాగునీటికా, తోటకా, టర్బైన్‌కా? ఒప్పందంలో ఆ వరస రాసి ఉండాలని ఇప్పుడడిగితే అది సలహా. రిజర్వాయరు కట్టాక అడిగితే ధర్నా.

అడిగే చోటు ఏదన్నది పెద్ద చిక్కు. తుమ్మలపల్లె యురేనియం ప్రాజెక్టుకు 2006లో ప్రజాభిప్రాయ సేకరణ జరిపారు. జనం ఒప్పుకున్నారా లేదా అన్నది వేరే సంగతి, మాట్లాడటానికి ఒక వేదికైనా దొరికింది. సోలార్ పార్కులకు, 400 కేవీ లైన్లకు పర్యావరణ అనుమతి నిబంధనల కింద అలాంటి విచారణ అక్కర్లేదు. రైతుకు లైను సంగతి తెలిసేది చేలో సర్వే రాయి కనబడ్డాకే. 2003 విద్యుత్ చట్టం 164వ సెక్షన్ కింద 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం అధికారాలు లైను వేసేవాళ్లకు దక్కుతాయి కాబట్టి, ఆపడం కుదరదు, పరిహారం అడగడమే మిగులుతుంది. కేంద్రం 2015 మార్గదర్శకాల్లో టవరు అడుగు భూమికి విలువలో 85 శాతం, తీగల కింది భూమికి 15 శాతం అన్నది. 2024 జూన్‌లో వాటిని 200, 30 శాతాలకు పెంచింది. పరిహారం పెరగడం మంచిదే. లైను ఏ గట్టు మీదుగా పోతే తోట దక్కుతుందో చెప్పే అవకాశం అంతకన్నా మంచిది. అది దొరికేది ప్రణాళిక దశలోనే.

ఎం. వేణుగోపాలరావు, ఎం. తిమ్మారెడ్డి వంటివాళ్లు ఏళ్ల తరబడి మండలి ముందు లెక్కలతో వాదిస్తున్నారు. రాష్ట్రం మొత్తం మీది ‘ఎంత’ను వాళ్లు గట్టిగా పట్టుకున్నారు. అంతమాత్రాన లింగాల ఫీడరు వేళలు, మా మలుపు ట్రాన్స్‌ఫార్మర్ మూలుగు వాళ్లు రాయలేరు. అది మన వంతు. కోపంతో నిండిన రెండు పేజీలకు డిస్కం ఒక్క వాక్యంతో బదులివ్వగలదు. తేదీ, వేళ, ఫీడరు పేరు, ట్రాన్స్‌ఫార్మర్ నంబరు, సర్వే నంబరు ఉన్న అర పేజీకి అలా కుదరదు.

కాబట్టి మండలికి నా మనవి ఇది. ఈ మధ్య విచారణలను వీడియోలో కూడా వింటున్నారు, సంతోషం. వచ్చే దీర్ఘకాల ప్రణాళికకు ఒక్క విచారణైనా జమ్మలమడుగులో పెట్టండి. ఎండ, బొగ్గు, నీళ్లు, పెద్ద లైన్లు, ఇంకా రాని ఉక్కు ఫ్యాక్టరీ అన్నీ ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. జనానికి నా మాట: ఆ రోజు ఛార్జీల సంగతి ఇంట్లో వదిలి, మీ వేళలు, మీ సర్వే నంబర్లు రాసుకుని రండి. ఛార్జీ అక్కడే, అప్పుడే ఖాయమవుతుంది.