ఇబ్రహీంపూర్ గుంతలు, గుట్ట, గీకుడు మిషన్లు

సిద్దిపేట దగ్గరి ఇబ్రహీంపూర్ మా మేనత్తను ఇచ్చిన ఊరు. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులకు పోతే ప్రతి ఇంటి జాలారి నీళ్లూ దారి మీదికే వచ్చేవి. ఆ బురదలో పందులు, రాత్రయితే దోమలు.

2015లో గ్రామజ్యోతి పథకం కింద అప్పటి మంత్రి హరీశ్‌రావు ఈ ఊరిని దత్తత తీసుకున్నారు. ఆ తర్వాత ఇంటింటికీ ఇంకుడు గుంత వచ్చింది. మా అత్తమ్మ గుంత తవ్వేటప్పుడు నేను అక్కడే ఉన్నాను. అడుగున పెద్ద రాళ్లు, వాటి మీద చిన్నవి, ఆపైన కంకర. రాయి రాయిని తనే చూసి వేయించింది. ఊరి గుట్ట మీద వాలుకు అడ్డంగా కందకాలు తవ్వారు. మంచి వాన పడ్డ మర్నాడు ఎక్కి చూస్తే, కిందికి ఉరికిపోవాల్సిన నీళ్లన్నీ ఆ కందకాల్లో నిలిచి ఉన్నాయి.

2016 అక్టోబర్ 11న సిద్దిపేట జిల్లా అయింది. నెల తిరక్కుండానే, నవంబర్ 8 రాత్రి, పెద్ద నోట్లు రద్దయ్యాయి. పత్తి అమ్మినవాళ్ల చేతిలో చిల్లర లేదు. డిసెంబర్‌కల్లా ఇబ్రహీంపూర్ తెలంగాణలో మొదటి నగదు రహిత గ్రామంగా పేపర్లకెక్కింది. కిరాణా కొట్టులో ఒక ముసలవ్వ కొంగుముడి విప్పి కార్డు తీసి, అంకెలు ఎవరికీ కనబడకుండా కొంగు అడ్డం పెట్టుకుని నొక్కడం కళ్లారా చూశాను. చదువు రాని మనిషి ఆ నాలుగంకెలు ఎంత పట్టుదలగా నేర్చుకుందో!

కానీ ఆ కార్డులు గీకే మిషన్లకు నెలనెలా కట్టే చార్జీలు చిన్న దుకాణాలకు బరువయ్యాయి. ఒక్కొక్కరే తిరిగి ఇచ్చేశారు, ఊరు మళ్లీ నోట్లకు వచ్చింది. నేర్చుకున్న అవ్వలది ఇందులో ఏ తప్పూ లేదు. చార్జీల సంగతి ముందే తేల్చాల్సింది.

సిద్దిపేట చిత్రకారుడు కాపు రాజయ్యను ఇచ్చింది, పక్కనున్న చింతమడక కేసీఆర్‌ను ఇచ్చింది. ఇబ్రహీంపూర్ గొప్పవాళ్లెవరని అడిగితే, గడ్డపార పట్టిన ఆడవాళ్లనే చెప్తాను.

"మన్ను కొట్టుకొస్తే గుంత పూడుతది అల్లుడా, తవ్వి ఇడిసిపెడితే అయిపోదు" అనేది అత్తమ్మ. మీ ఇంట్లో ఇంకుడు గుంత ఉంటే మృగశిర కార్తెకు ముందే పై కంకర తీసి, కడిగి, మళ్లీ పోయండి.