కాకో గుర్తుపట్టని ముఖం

ఆ రాత్రి పటేల్ ఇంటి గోడకు తెల్లటి దుప్పటి కట్టి, అద్దెకు తెచ్చిన ప్రొజెక్టర్‌తో దండారి వీడియో వేశాను. ఊరంతా వచ్చి కూర్చుంది. మా ఊరి గుస్సాడీలు మొదటిసారి ఇంత పెద్దగా తెర మీద కనబడుతున్నారు. నాకు గుండె నిండుగా ఉంది. రెండు నిమిషాలు గడిచాయో లేదో, ముందు వరసలో కూర్చున్న మా కాకో గోండిలో గట్టిగా అడిగింది:

"ఎవర్రా వీళ్లు? ముఖాలకు పిండి పూసుకున్నట్టున్నరు?"

కాకో అంటే మా అమ్మమ్మ. అప్పుడు తెర మీద ఆడుతున్నది ఆమె సొంత తమ్ముడు, నాకు తాత వరస. ఆయన కూడా అక్కడే కూర్చుని ఉన్నాడు. "నేనే అక్కా! నన్నే గుర్తుపడ్తలేవా?" అని నవ్వాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి పడుకున్నాక మాత్రం నిద్ర పట్టలేదు. అక్క తమ్ముణ్ణి గుర్తుపట్టలేదంటే తప్పు ఆమె కళ్లదా, నా పనిదా?

నేను హైదరాబాద్‌లో ఒక ఎడిటింగ్ గదిలో సహాయకుడిగా పని చేసేవాణ్ణి. ఎక్కువగా పెళ్లి వీడియోలు, అప్పుడప్పుడు చిన్న ప్రకటనలు. దీపావళికి ఊరికి వచ్చేటప్పుడు తెలిసినవాళ్ల దగ్గర బ్లాక్‌మ్యాజిక్ పాకెట్ సినిమా కెమెరా 4కె అడిగి తెచ్చుకున్నాను. దండారి మా గోండులకు ఎంత పెద్ద పండుగో ఈ పుస్తకం చదివేవాళ్లకు చెప్పక్కర్లేదు. గుస్సాడీ వేషం కట్టినవాడు ఆ రోజుల్లో మామూలు మనిషి కాదు. తల మీద నెమలి ఈకల టోపీ, భుజాన జింక చర్మం, చేతిలో కర్ర, ఒంటి నిండా బూడిద. దీక్ష అయ్యేదాకా ఆ బూడిద కడగరు. పటేల్‌నూ దేవారినీ అడిగి, పూజ దగ్గరికి కెమెరా తీసుకుపోనని మాట ఇచ్చి, రెండు రాత్రులు, ఒక పగలు తీశాను. తీయడంలో పెద్దగా తప్పు చేయలేదు. తప్పు జరిగింది తర్వాత, కంప్యూటర్‌లో.

అసలు "రా" ఫుటేజీ అంటే ఏమిటో మొదట చెప్పాలి. ఫోన్‌తో వీడియో తీస్తే రంగు, వెలుగు, పదును అన్నీ ఫోనే నిర్ణయించి, వండి వడ్డించేస్తుంది. సినిమా కెమెరా రా ఫైల్ అలా కాదు. కెమెరా లోపల సెన్సార్ మీద లక్షల చిన్న గడులు ఉంటాయి. ప్రతి నాలుగు గడుల్లో రెండు ఆకుపచ్చ వెలుగును, ఒకటి ఎరుపును, ఒకటి నీలాన్ని కొలుస్తాయి. ఆ కొలతల నుంచి పూర్తి రంగు బొమ్మను లెక్కగట్టాలి. ఈ కెమెరాలో ఆ లెక్క కొంత లోపలే జరుగుతుంది, మిగతాది కంప్యూటర్‌లో జరుగుతుంది. ఏ వెలుగును తెలుపు అనుకోవాలి, బొమ్మ ఎంత ప్రకాశంగా ఉండాలి అన్నవి ఫైల్‌లో కేవలం చీటీ రాసిపెట్టినట్టు ఉంటాయి. ఆ చీటీని పాటించవచ్చు, మార్చవచ్చు.

మనం ఇప్పపువ్వు ఏరుకొస్తాం. దాన్ని ఎండబెట్టుకోవచ్చు, ఉడికించి తినొచ్చు, సారా కాయొచ్చు. పువ్వు చేతిలో ఉన్నంతవరకు ఏం చేయాలన్నది మన ఇష్టం. సారా కాచాక మళ్లీ పువ్వు రాదు. రా ఫైల్ పువ్వు లాంటిది. దాని నుంచి తయారుచేసిన ఎంపీ4 వీడియో సారా లాంటిది.

నేను ఎడిటింగ్‌కు వాడేది డావిన్చి రిజాల్వ్. అందులో ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో "కెమెరా రా" అనే పేజీ ఉంది. అక్కడ మొదటి ప్రశ్న: ఈ ఫైళ్లను దేని ప్రకారం తెరవాలి? కెమెరా రాసిన చీటీ ప్రకారమా, ప్రాజెక్ట్‌లో మనం పెట్టిన అంకెల ప్రకారమా? "ప్రాజెక్ట్" అని పెడితే ఎన్ని వందల క్లిప్పులున్నా అన్నింటికీ ఒకే అంకెలు పడతాయి. పగలు తీసిందీ, రాత్రి మంట ముందు తీసిందీ అన్నీ ఒకటే.

నేను చేసింది ఇది. మొదట ఫైళ్లను "ఫిల్మ్" గామాలో తెరిచాను. అందులో బొమ్మ చప్పగా, పొగ పట్టినట్టు కనబడుతుంది. వెలుగు, చీకటి వివరాలన్నీ దాచి ఉంచడానికే అలా ఉంటుంది. తర్వాత మనం సరిచేసుకోవాలి. నాకు అప్పుడు అంత ఓపిక లేదు. మర్నాడే ఊరికి బస్సు. ఎడిటింగ్ గదిలో పెళ్లిళ్లకు వాడే పాత ప్రాజెక్ట్ ఒకటి ఉంది. దాన్ని కాపీ చేసి మన దండారి ఫైళ్లను అందులో పడేశాను. బొమ్మ ఒక్కసారిగా మెరిసింది. అయిపోయిందనుకుని ఎంపీ4 తీసుకుని ఊరికి బయలుదేరాను.

కాకో మాట విన్న తర్వాత తిరిగి వెళ్లి ఆ పేజీ తెరిచి ఒక్కో అంకె చూశాను. వైట్ బ్యాలెన్స్ 2800 కెల్విన్. ఫంక్షన్ హాళ్లలో పసుపు లైట్లను తెల్లగా చూపించడానికి పెట్టుకున్న అంకె అది. మధ్యాహ్నపు ఎండ సుమారు 5600. కట్టెల మంట 2000 దగ్గర ఉంటుంది. 2800 పెట్టడం వల్ల మంట వెలుగులోని పసుపు చాలావరకు పోయింది. పగటి క్లిప్పులు నీలం తిరిగాయి. ఎక్స్‌పోజర్ ఒక మెట్టు ఎక్కువ, అంటే వెలుగు రెండింతలు. టింట్ గులాబీ వైపు జరిపి ఉంది, పెళ్లికూతురి బుగ్గల కోసం. గామా "వీడియో". అది వెలుగు భాగాలను త్వరగా తెల్లగా చేసేస్తుంది.

ఈ అంకెలు ఎవరో మా మీద కోపంతో పెట్టినవి కావు. పెళ్లివాళ్లు వచ్చి "కొంచెం తెల్లగా చేయన్నా" అని అడిగీ అడిగీ తయారైన అంకెలు. వచ్చిన ప్రతి పెళ్లికీ అవే. అడగకముందే ముఖాలను తెల్లబరచడం ఆ గదిలో అలవాటైపోయింది. ఆ అలవాటును నేనే బస్సెక్కించి మా ఊరికి తెచ్చాను. మా తాత నల్లటి ఒంటి మీద బూడిద ఉంటుంది. ఆ బూడిదలో దేవారి వేళ్ల గుర్తులు ఉంటాయి. నా వీడియోలో వేళ్ల గుర్తులు లేవు, చర్మం లేదు. ఒకటే పాలిపోయిన తెలుపు. కాకో అన్న "పిండి" అదే.

ఇది మా ఒక్క గదిలోనే పుట్టిన అలవాటు కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. అమెరికాలో కొడాక్ కంపెనీ 1950ల నుంచి ఫొటో ల్యాబులకు ఒక నమూనా కార్డు పంపేది. దాని మీద ఒక తెల్లజాతి యువతి బొమ్మ ఉండేది. దాన్ని షర్లీ కార్డు అనేవారు. ఆమె చర్మం బాగా వస్తే యంత్రం సరిగా ఉన్నట్టు లెక్క. నల్లజాతి పిల్లలు తెల్లజాతి పిల్లల పక్కన ఉన్న స్కూల్ ఫొటోల్లో నల్లవాళ్ల ముఖంలో కళ్లు, పళ్లు తప్ప ఏమీ కనబడేవి కావు. వాళ్ల తల్లులు ఫిర్యాదు చేశారు. కానీ ముదురు రంగులు సరిగా రావడం లేదని చాక్లెట్, చెక్క సామాను అమ్మే కంపెనీలు చెప్పినప్పుడే ఫిల్ము మీద పని గట్టిగా కదిలిందని ఆ కంపెనీలో పని చేసినవాళ్లే తర్వాత చెప్పారు. ఇది చదివిన రోజు నాకు మా పెళ్లి ప్రాజెక్టే గుర్తొచ్చింది. మా గదిలో కూడా ఒక షర్లీ ఉంది, పేరు పెట్టలేదంతే.

మన జిల్లాకు కెమెరా కొత్తేమీ కాదు. జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడైన తర్వాత, 1940లలో హైమెన్‌డార్ఫ్ మార్లవాయికి వచ్చి ఉన్నాడు. మన పెద్దల ఫొటోలు తీశాడు. అవి ఇప్పుడు లండన్‌లోని సోయాస్‌లో భద్రంగా ఉన్నాయి. అదే మార్లవాయికి చెందిన కనకరాజు గారికి గుస్సాడీ నృత్యానికి 2021లో పద్మశ్రీ వచ్చింది. అప్పటినుంచి మన పండుగలకు కెమెరాలు ఎక్కువయ్యాయి. ఇంతకాలం మనల్ని తీసినవాళ్లు బయటివాళ్లు, రంగు నిర్ణయించినవాళ్లూ బయటివాళ్లే. ఇప్పుడు కెమెరా మన చేతికి వచ్చింది. సెట్టింగ్ మాత్రం ఇంకొకరిదే వాడితే మన చేతికి వచ్చింది సగమే.

రెండోసారి పని మొదలుపెట్టినప్పుడు ల్యాప్‌టాప్‌ను ఊరికే తీసుకుపోయాను. స్క్రీన్‌కు ఉండే నైట్ లైట్ ఆపేశాను, లేకపోతే అదే పసుపు కలుపుతుంది. కొత్త ప్రాజెక్ట్ తెరిచి, ఫైళ్లను కెమెరా చీటీ ప్రకారమే తెరవమని పెట్టాను. పగలు 5600, రాత్రి 3200, నేను తీసేటప్పుడు పెట్టినవే. ఎక్స్‌పోజర్, టింట్ రెండూ సున్నా. పోయిందనుకున్న బూడిద గీతలు వెంటనే తిరిగి వచ్చాయి. రా ఫైల్‌లో అవి ఎప్పుడూ ఉన్నాయి, నా అంకెలే వాటిని కప్పేశాయి.

తర్వాత ఒక్కో క్లిప్పు కాకోకు చూపించాను. ఆమె తన చేతిని స్క్రీన్ పక్కన పెట్టి చూసింది. "ఇంకా ఎర్రగుంది", "ఇప్పుడు మరీ మాడిపోయింది" అంటూ చెప్పింది. రాత్రి క్లిప్పులను 3200 నుంచి 3600కు పెంచితే మంట పసుపు కొంచెం ఎక్కువైంది. "అట్లనే ఉండె ఆ రాత్రి" అంది. పుస్తకాల్లో ముఖం మీద పసుపు పడితే తీసేయమని రాస్తారు. మంట చుట్టూ ఆడేవాళ్ల మీద మంట రంగు పడకుండా ఎట్లా ఉంటుంది? దాన్ని అలాగే ఉంచాను. దేవారి వచ్చి నెమలి ఈకలు చూసి, "మెడ దగ్గరి నీలం తక్కువైంది" అన్నాడు. ఆ క్లిప్పుకు రంగు సాంద్రత కొంచెం పెంచాను. ఇద్దరూ ఒప్పుకున్నాక "సైడ్‌కార్" అనే చిన్న ఫైల్ రాయించాను. అసలు ఫైల్‌ను తాకకుండా, మనం మార్చిన అంకెలు మాత్రమే అందులో పక్కన భద్రంగా ఉంటాయి. రేపు ఆ ఫుటేజీ ఎవరు తెరిచినా కాకో చెప్పిన రంగుతోనే తెరుచుకుంటుంది.

అన్ని క్లిప్పులకూ ఇలా చేయగలిగితే ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదేమో.

రా ఫుటేజీ చాలా జాగా తింటుంది. నేను తీసిన పద్ధతిలో గంటకు సుమారు 150 జీబీ. నా దగ్గర ఉన్నవి రెండు హార్డ్ డ్రైవులు. ఊళ్లో వీడియో వేయడానికి ముందే, ఎంపీ4 తయారైంది కదా అని, మొదటి రాత్రి ఫైళ్లున్న డ్రైవును ఫార్మాట్ చేసి ఒక పెళ్లి పనికి వాడుకున్నాను. మా తాత ఎక్కువగా ఆడింది ఆ మొదటి రాత్రే. రెండో రోజు కాలు నొప్పితో పక్కన కూర్చున్నాడు. తర్వాతి ఎండాకాలంలో ఆయన పోయాడు.

వాళ్లింట్లో ఫొటో కావాలని అడిగారు. ఆ ఎంపీ4 ఒక్కటే ఉంది. నాలుగు రోజులు కూర్చున్నాను. వెలుగు తగ్గించాను, గులాబీ తీశాను. చర్మం కొంచెం దగ్గరికి వచ్చింది. బూడిద తెల్లగా పోయిన చోట మాత్రం ఏం చేసినా బూడిద రంగు మచ్చే తప్ప వేళ్ల గుర్తులు రాలేదు. ఆ చోట సమాచారమే మిగల్లేదు. ఉన్నదే ఫ్రేము కట్టించి ఇచ్చాను. అది వాళ్ల ఇంటి గోడకు ఉంది. ఎవరైనా చుట్టాలు వచ్చి చూస్తే కాకో ఇప్పటికీ చెబుతుంది: "ఫొటోల గిట్ల వచ్చిండు గానీ, మా తమ్ముడు గిట్ల ఉండకపోతుండె."

మన పిల్లలు ఇప్పుడు ఫోన్లతో, అద్దె కెమెరాలతో పండుగలు తీస్తున్నారు. చాలా మంచిది. వాళ్లకు నేను చెప్పేది కొంచెమే. అసలు రా ఫైళ్లు రెండు చోట్ల ఉండేదాకా కార్డు గానీ, డ్రైవు గానీ ఖాళీ చేయకండి. ఇంకొకరి ప్రాజెక్ట్‌ను కాపీ చేయకండి, కొత్తది తెరిచి మొదట కెమెరా అంకెలతోనే చూడండి. బొమ్మ చప్పగా కనబడితే భయపడకండి. ఏదైనా మారిస్తే ఎందుకు మార్చారో పక్కన రాసుకోండి. ఎంపీ4 తీసే ముందు అందులో ఉన్న మనుషులకు, వాళ్ల ఇంటివాళ్లకు చూపించండి.

ఆశ్రమ పాఠశాలల్లో కంప్యూటర్ ఉన్న సార్లకూ మేడమ్‌లకూ ఒక మనవి. డావిన్చి రిజాల్వ్ ఉచితంగా దొరుకుతుంది. కొంచెం మంచి కంప్యూటర్ ఉంటే చాలు. ఒక్క రా క్లిప్పు తీసుకుని 2800, 5600 పెట్టి పిల్లలకు చూపించండి. వాళ్ల ముఖమే రెండు రకాలుగా కనబడితే మిగతాది వాళ్లే అడుగుతారు.

ఈ దీపావళికి మళ్లీ తీస్తున్నాను. డ్రైవులు నాలుగు కొన్నాను. కాకో చూపు కొంచెం తగ్గింది కానీ, తెర పక్కన చెయ్యి పెట్టి చూడటం మానలేదు.